తక్కువున్న రంగు కాదే, త్వరగా తగ్గే రంగు చూడు

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉండగానే పసుపు ఇంకు అయిపోయి ప్రింటర్ మొత్తం ఆగిపోయిందని, సయాన్, అదే ఆ లేత నీలం ఇంకు, అందరికంటే అడుగున ఉంది కదా అని ముందే కొని పెట్టుకున్న దాని కార్ట్రిడ్జ్ (ఇంకు డబ్బా) మాత్రం సీల్ కూడా తియ్యకుండా అలాగే పడుందని చెప్పావు. బెంగళూరు బొమ్మనహళ్లిలో షాపు పెట్టుకున్న దానివి, ఒక్క కార్ట్రిడ్జ్ కోసం కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి పోయి రావాలంటే సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటేసరికే సగం పూట గోవిందా. ఆన్‌లైన్‌లో పెడితే రేపో ఎల్లుండో వస్తుంది, కానీ ఆ కస్టమర్ అప్పటిదాకా ఆగడు, పక్క షాపుకి పోతాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, టీ తాగుతూ చదువుకో.

నువ్వు చూడాల్సింది ఏ గీత కిందికి దిగిందని కాదు, ఏ గీత ఎంత వేగంగా దిగుతోందని. వంటింట్లో ఉప్పు డబ్బా అడుగంటినా నెల గడుస్తుంది, కాఫీ పొడి సగం ఉన్నా చుట్టాలొస్తే నాలుగు రోజుల్లో ఖాళీ. ప్రతి శనివారం షాపు కట్టేసే ముందు కంప్యూటర్‌లో ఇంక్ లెవెల్స్ తెరిచి ఫోన్‌తో ఒక ఫోటో కొట్టు, అంతే, వేరే యాప్‌లూ ఎక్సెల్ షీట్లూ ఏమీ వద్దు. పోయిన వారం బ్లాక్ 60 ఉండి ఈ వారం 45 అయిందనుకో, వారానికి 15 పోతోంది, అంటే ఇంకో మూడు వారాలు. పసుపు 36 నుంచి 30కి దిగితే వారానికి 6, ఐదు వారాలు వస్తుంది. మెజెంటా, అంటే ముదురు గులాబీ ఇంకు, 60 నుంచి 55 అంటే పదకొండు వారాలు. సయాన్ 22 నుంచి 20 అయిందంటే చూడ్డానికి అదే అందరికంటే అడుగున ఉన్నా పది వారాల దాకా దాని జోలికి పోనక్కర్లేదు. ఉన్నదాన్ని వారానికి తగ్గేదాంతో భాగిస్తే చాలు, ముందు కొనాల్సింది బ్లాక్ అని తేలిపోతుంది.

కొన్ని ప్రింటర్లు పదేసి శాతం మెట్ల లెక్కన చూపిస్తాయి, వారం పాటు కదలనట్టే ఉండి తర్వాత ఒక్కసారి దబ్బున దిగుతాయి. నీది అలాంటిదైతే రెండు వారాలకోసారి ఫోటో తీసుకో. ఇంకోటి, చాలా ప్రింటర్లలో ఆ అంకె లోపలున్న ఇంకును కొలిచి చెప్పేది కాదు. ఇంకు చిమ్మే హెడ్ నుంచి ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టుకుని ఇంత అయిపోయి ఉంటుందిలే అని వేసే అంచనా. అందుకే ‘లో ఇంక్’ అని రాగానే కంగారుపడి తీసి పారేయకు, లోపల ఇంకా ఉంటుంది. రీఫిల్ చేసిన కార్ట్రిడ్జ్ పెడితే దాని మీదుండే చిప్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి నిండా ఉన్నా ఖాళీ అనే చూపిస్తుంది, అక్కడ ఈ శనివారం లెక్కలేవీ పనిచెయ్యవు.

ఇప్పుడు అసలు విషయం, ఏ పనికి ఏ రంగు పోతుందన్నది. ఎరుపు అంటే మెజెంటా, పసుపు కలిస్తే వచ్చేది. ఆకుపచ్చ అంటే సయాన్, పసుపు. నీలం అంటే సయాన్‌తో పాటు మెజెంటా. మనుషుల ముఖాల్లో ఎక్కువగా పోయేవి మెజెంటా, పసుపులే. మన వాళ్ల పనులు చూడు, పెళ్లి శుభలేఖలు, గృహప్రవేశం పిలుపులు, వరలక్ష్మీ వ్రతం కార్డులు, వినాయక చవితి చందా రసీదులు, అన్నీ ఎరుపూ పసుపూ కుంకుమ రంగులే కదా, నీలం ఎక్కడుంది? అందుకే మన షాపుల్లో సయాన్ ఎప్పుడూ ఆఖరికే అయిపోతుంది. ఐటీ వాళ్ల ప్రెజెంటేషన్లు, కంపెనీ లోగోలు ఎక్కువగా వచ్చే షాపైతే లెక్క తిరగబడుతుంది, ఆ లోగోల్లో నీలమే ఎక్కువ. నీ కౌంటర్ మీదికి ఏం వస్తుందో నీకే తెలుస్తుంది, ఎవరో చెప్పింది పట్టుకోకు.

పసుపుకి ఇంకో దొంగ ఉన్నాడు, వాణ్ణి చాలామంది పట్టుకోలేరు. పీజీ హాస్టల్ కుర్రాళ్లు ఆధార్ కార్డునో మార్క్స్ మెమోనో రాత్రి పూట బల్బు వెలుగులో ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు చూడు, అదే. ఆ ఫోటోలో కాగితం తెల్లగా ఉండదు, లేత గోధుమ రంగులో ఉంటుంది. నువ్వు దాన్ని అలాగే కలర్‌లో కొడితే అక్షరాలకి పట్టే ఇంకు ఎంతో లేదు కానీ ఆ లేత రంగు పేజీ నిండా పరుచుకుంటుంది. దగ్గరగా పెట్టుకుని చూడు, ఖాళీ అనుకున్న చోట కూడా సన్నటి పసుపు, మెజెంటా చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. రోజుకి ముప్ఫై నలభై ఇలాంటివి కొట్టావంటే సాయంత్రానికి పసుపు ఎటు పోయిందో అర్థం కాదు. ఫోన్లోనే స్కానర్ యాప్‌తో ఒకసారి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేస్తే కాగితం తెల్లబడుతుంది. కలర్ కావాలంటేనే కలర్, లేదంటే నలుపే. కస్టమర్‌ని అడుగు, మొహమాటపడకు.

నలుపు కొట్టినా కలర్ పోయే సందర్భాలు రెండున్నాయి. మొదటిది, డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్‌లో ప్రింటర్ సెట్టింగ్స్ ఉండే చోట, గ్రేస్కేల్ అని మాత్రమే పెడితే చాలా ప్రింటర్లు ఆ బూడిద రంగుని మూడు కలర్లు కలిపి తయారుచేస్తాయి. కింద ఎక్కడో ‘బ్లాక్ ఇంక్ ఓన్లీ’ అని ఉంటే దాన్ని ఎంచుకోవాలి. రెండోది, పేపర్ టైప్‌లో ఫోటో పేపర్ అని పెట్టావంటే కొన్ని ప్రింటర్లు మామూలు నల్ల ఇంకుని అసలు ముట్టుకోవు, అది పిగ్మెంట్ ఇంకు, అంటే సన్నటి రంగు పొడి కలిసిన ఇంకు కాబట్టి నున్నటి పేపర్ మీద సరిగ్గా పట్టదు. అప్పుడు జుట్టూ కోటూ నలుపంతా సయాన్, మెజెంటా, పసుపు కలిపి వేస్తాయి. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఎక్కువ తీసిన వారం మూడు కలర్లూ దిగి, బ్లాక్ మాత్రం కదలకుండా ఉంటే ఆశ్చర్యపోకు.

అసలు ఏమీ కొట్టకపోయినా తగ్గేది ఇంకొంత ఉంటుంది, అది హెడ్ క్లీనింగ్ బాపతు. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ అన్ని రంగుల్లోంచీ కొంచెం కొంచెం లాగి వేస్ట్ ప్యాడ్‌లోకి, అంటే లోపల వృథా ఇంకుని పీల్చుకునే మెత్తలోకి పోస్తుంది. నీ సయాన్ వారానికి రెండు శాతం దిగుతోందే, అందులో చాలావరకు ఇదే అయ్యుంటుంది. పండగకి షాపు మూసిన వారం అంకెలు చూసుకుంటే నీ ప్రింటర్ ఊరికే ఎంత తాగుతుందో తెలుస్తుంది. దీన్ని తగ్గించుకోవాలంటే ఒక్కటే, రాత్రి గోడ స్విచ్ కట్టేసి పోవద్దు. ముందు ప్రింటర్ మీద పవర్ బటన్ నొక్కి, లోపల టకటకమని హెడ్ పక్కకి వెళ్లి మూత కింద కూర్చునేదాకా ఆగి, అప్పుడు గోడ స్విచ్ ముట్టుకో. మూత పడకుండా కరెంటు పోతే నాజిల్స్, అంటే హెడ్‌లో ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు, ఎండిపోతాయి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బెంగళూరు గాలి ఎలా ఉంటుందో తెలుసుగా, మన పెదాలే పగులుతాయి. ఇక మళ్లీ ఆన్ చెయ్యగానే అది పెద్ద క్లీనింగ్ మొదలుపెడుతుంది. వానాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి ప్రింటర్‌ని చిన్న యూపీఎస్ మీద పెట్టుకున్నా తప్పులేదు.

ప్రింట్ కొంచెం గీతలు పడగానే క్లీనింగ్ కొట్టే అలవాటు కూడా మానుకో, ముందు నాజిల్ చెక్ పేజీ తియ్యి, ఒక్కో రంగు గీతలు వేసి చూపించే పరీక్ష పేజీ అది. పసుపు గీతలు తెల్ల కాగితం మీద కంటికి ఆనవు, తెగాయో లేదో తెలియదు. ఫోన్ స్క్రీన్ నిండా ముదురు నీలం బొమ్మ పెట్టి, లైటు ఆర్పి, ఆ వెలుగులో కాగితం చూడు, పసుపు గీతలు నల్లగా తేలతాయి. ఏ రంగు తెగిందో తెలిశాక, డ్రైవర్‌లో బ్లాక్ వేరే, కలర్ వేరే క్లీన్ చేసే వీలుంటే కావాల్సిందే చెయ్యి.

పోయిన వారం లెక్క వచ్చే వారానికి సరిపోతుందన్న గ్యారంటీ లేదు, అక్కడే మన అనుభవం పనిచేసేది. జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు, అడ్మిషన్ ఫారాలూ టీసీ కాపీలూ, అదే సమయంలో ఉద్యోగస్తుల ఫారం 16లు, రెంటల్ అగ్రిమెంట్లు, అన్నీ నలుపే. ఆ నెలకి బ్లాక్ ఒకటి అదనంగా దగ్గర పెట్టుకో. అక్టోబర్ ఆఖరు వచ్చేసరికి కథ మారిపోతుంది, నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం కదా. ఆటో స్టాండు వాళ్లూ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లూ, స్కూలు టీచర్లూ జెండా బొమ్మలు కావాలని వస్తారు. ఆ జెండా పైన పసుపు, కింద ఎరుపు. పై సగానికి పసుపు ఒక్కటే చాలు, కింది సగం ఎరుపుకి మెజెంటాతో పాటు మళ్లీ పసుపే కావాలి. అంటే కాగితం మొత్తం మీద పసుపు, సగం మీద మెజెంటా. మెజెంటా ఒక వంతు దిగితే పసుపు దాదాపు రెండు వంతులు దిగుతుంది. సెప్టెంబర్‌లో ఐదు వారాలు వస్తుందని లెక్కేసుకున్న పసుపు ఆ నాలుగు రోజుల్లో మాయమవుతుంది.

ఆ జెండాలకి డబ్బా మీద రాసిన పేజీల సంఖ్య చూసి రేటు చెప్పకు. ఆ సంఖ్య ఐఎస్‌ఓ/ఐఈసీ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో తీస్తారు, ఐదు నిర్దిష్టమైన పేజీలని వరుసగా కొడుతూ పోయి ఎన్ని వచ్చాయో చూస్తారు. ఆ పేజీల్లో ఒక్కో రంగు కప్పేది సుమారుగా 5 శాతమే. కార్ట్రిడ్జ్ మీద 300 పేజీలు అని ఉంటే, పేజీ నిండా పసుపున్న జెండాలు పదిహేను ఇరవై వస్తే గొప్ప. రోజూ ఆన్ ఆఫ్ చేస్తూ, మధ్యలో క్లీనింగ్‌లు జరిగే మన షాపుల్లో మామూలు పేజీలకి కూడా ఆ సంఖ్య అందదు.

ఇంట్లో పిల్లాడి ప్రాజెక్టుల కోసం వాడే రెండు కార్ట్రిడ్జ్‌ల ప్రింటర్ గురించి కూడా అడిగావు. అందులో మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉంటాయి, ఏ ఒక్కటి అయిపోయినా డబ్బా మొత్తం మార్చాల్సిందే. హెచ్‌పీ 680 చూడు, కంపెనీ చెప్పేదే బ్లాక్‌కి 480 పేజీలు, కలర్‌కి 150. కాబట్టి పిల్లాడు కలర్ బొమ్మలు కొడుతూ ఉంటే ముందు పోయేది కలరే, దానికి పెద్ద జ్యోతిష్యం అక్కర్లేదు. లోపల ఏది అయిందో ప్రింట్ చూసి చెప్పొచ్చు. ఆకుపచ్చ ఆకులు నీలంగా, ఎర్ర గులాబీ గులాబీ రంగులోకి వస్తే పసుపు పోయినట్టు. ఎరుపు పసుపుగా వస్తే మెజెంటా. ఆకాశం గులాబీగా మారితే సయాన్. ఇలాంటి హెచ్‌పీ వాటిలో కలర్ అయిపోతే దాన్ని తీసేసి ఒక్క బ్లాక్‌తోనే నడిపించుకోవచ్చు, హోంవర్క్ ఆగదు. నీ షాపులోని నాలుగు కార్ట్రిడ్జ్‌ల దానితో ఆ వెసులుబాటు లేదని నీకు ఇప్పుడు తెలిసొచ్చింది, ఒక రంగు లేకపోతే నల్ల అక్షరం కూడా వెయ్యనంటుంది.

కొనేటప్పుడు, వేగంగా తగ్గే రంగులకి మాత్రమే ఎక్స్‌ఎల్, అంటే ఎక్కువ ఇంకుండే పెద్ద కార్ట్రిడ్జ్ తీసుకో, పేజీకి చవక పడుతుంది. సయాన్‌కి మామూలుదే చాలు, డబ్బా మీద తేదీ కూడా ఉంటుంది, ఏళ్ల తరబడి అల్మారాలో పెట్టుకునే సరుకు కాదు. ఆ సీల్ తియ్యని దాన్ని షాపువాడు వెనక్కి తీసుకుని పసుపు ఇస్తాడేమో అడుగు, బిల్లు ఉంటే తీసుకునేవాళ్లు ఉన్నారు. కొత్తది పెట్టిన ప్రతిసారీ చాలా ప్రింటర్లు అన్ని రంగుల్లోంచీ కొంత లాగుతాయి, కాబట్టి పసుపు ఆగిపోయిన రోజుకి మెజెంటా కూడా రెండు మూడు శాతంలో కొట్టుకుంటూ ఉంటే రెండూ ఒకేసారి మార్చెయ్యి. ఇరవైలో ఉంటే మాత్రం వద్దు, అంత ఇంకు పారేసుకునే రోజులు కావివి.

మరి సీసాతో ఇంకు పోసుకునే ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొనెయ్యమంటావా అత్తా అని అడుగుతావని తెలుసు. నెలకి ఎంత ఇంకు కొంటున్నావో రెండు మూడు నెలలు రాసుకుని, ఆ బిల్లులు పట్టుకుని రా, అప్పుడు మాట్లాడుకుందాం. ఈ శనివారం ఫోటో మాత్రం మర్చిపోకుండా కొట్టు, వచ్చే శనివారందీ తీశాక రెండూ నాకు పంపు, ఏది కొనాలో చెప్తాను.

మీ అత్త