ఎదురొచ్చేవాళ్ల కళ్లు చెదురుతుంటే...

ప్రశ్న: పాత కారుకు హాలోజన్ తీసేసి ఎల్ఈడీ బల్బులు వేయించాను. రాత్రిళ్లు ఎదురొచ్చేవాళ్లంతా డిప్పర్ కొడుతున్నారు. లైట్లు కిందికి దించితే చాలా?

జవాబు: చాలదండీ. మీ హెడ్‌లైట్ లోపల వెలుగును ముందుకు మళ్లించే రిఫ్లెక్టర్‌ను హెచ్4 అనే హాలోజన్ బల్బు ఫిలమెంట్ ఉండే చోటును బట్టి తయారుచేశారు. ఎల్ఈడీ చిప్పులు కాస్త అటూ ఇటైనా వెలుగు చెదిరి పైకి కొడుతుంది. ముందు 60/55 వాట్ల హాలోజనే మళ్లీ వేయించండి.

తర్వాత టైర్లలో గాలి సరిచూసి, చదునైన నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో కారు నిలపండి. డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి, లైట్ల ఎత్తు మార్చే లెవలింగ్ నాబ్ సున్నా మీద ఉండాలి (మరిచిపోయేది దీన్నే). హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తులో గోడకు టేపు అంటించండి. లోబీమ్ (డిమ్ లైటు) వెలుగు పైఅంచు టేపుకు 5 సెంటీమీటర్లు కిందికి వచ్చేదాకా లైటు వెనక స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పండి. ఆ వెలుగు అంచు ఎడమవైపున పైకి లేచినా కంగారు పడొద్దు, మన రోడ్లకు అలాగే ఉండాలి.