ఆదివారం వద్దు, శనివారం పిలువు

తల్లీ,

పాలూ నెయ్యీ మానేశాక మొదటిసారి ఇంటికి అందరినీ భోజనానికి పిలుస్తున్నానని, జనవరి మొదటి ఆదివారం రాత్రి అనుకుంటున్నానని రాశావు. తప్పకుండా పిలువు. ఆదివారం మాత్రం వద్దు. మన ఇళ్ళలో ఆదివారమంటే పొయ్యి మీద నాటుకోడి ఉడకాల్సిందే. ఆ రోజు నువ్వు ఎన్ని రకాలు చేసినా మీ చిన్నాయన కళ్ళు కోడిముక్క కోసమే వెతుకుతాయి. శనివారమైతే ఆ బాధ లేదు. వెంకన్న వారమని తిరుపతిలో చాలా ఇళ్ళలో ఎలాగూ నీచు వండరు కాబట్టి మాంసం ఊసే రాదు. ఇక మిగిలేది పాలు, పెరుగు, నెయ్యి. నీ తెలివంతా అక్కడ పెట్టు.

శనివారంతో ఒక చిక్కు ఉంది. మీ అత్తమ్మ ఒక్కపొద్దు ఉంటుందేమో, ఎర్రగడ్డ తెల్లగడ్డ ముట్టదేమో ముందే కనుక్కో. రాత్రి అన్నం తినననేవాళ్ళ కోసం దోసెపిండి రుబ్బి పెట్టుకో. పిలిచే ఫోన్లోనే "అత్తమ్మా, మా ఇంట్లో ఇప్పుడు పాలు, పెరుగు, నెయ్యి వాడటం లేదు, మిగతావన్నీ ఉంటాయి" అని మామూలుగా చెప్పేయి. ఎందుకు మానేశావో అప్పుడే చెప్పబోకు. వచ్చాక అడిగితే రెండు ముక్కల్లో చెప్పు. వడ్డిస్తూ మాత్రం అస్సలు వద్దు, విస్తరి ముందు కూర్చున్న మనిషికి ఉపన్యాసం రుచించదు.

వంటల సంగతికొస్తే, సోయాతో చికెన్ లాంటిది, బాదంతో పన్నీరు లాంటిది చేయాలని చూడకు. నకలు పెడితే అసలు గుర్తొస్తుంది, పోలిక మొదలవుతుంది. మన చిత్తూరు వంటలో పుట్టుకతోనే పాలచుక్క లేనివి బోలెడున్నాయి. రాగి సంగటి, వేరుశెనక్కాయల ఊరిబిండి, పుల్లగూర, ఉలవచారు, అలసంద వడలు. ఇవి పెడితే "కొత్తగా ఏదో తిన్నాం" అని ఎవరూ అనరు.

అన్నిటికంటే ముఖ్యం పితికిపప్పు. నువ్వు అనుకున్న రోజులకి అనపకాయలు మంచి కాపు మీద ఉంటాయి. గింజలు ఒలిచి రాత్రంతా నానబెట్టు, పొద్దునకి ఉబ్బి వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పొట్టులోంచి జారి వస్తాయి. ఇది ఒక్కదానివే చేయబోకు. మీ పిన్నమ్మనీ, ఆడబిడ్డనీ సాయంత్రం నాలుగింటికే రమ్మని గింజల గిన్నె వాళ్ళ మధ్యన పెట్టు. కబుర్లలో పని అయిపోతుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. తన చేత్తో పితికిన పప్పుకి ఎవరూ వంక పెట్టరు. ధనియాలు, గసగసాలు, చెక్క, లవంగం వేయించి పచ్చికొబ్బరితో నూరు. అల్లం తెల్లగడ్డ దట్టించి, ఉర్లగడ్డ వేసి, పులుసు కాస్త పలచగానే ఉంచు, చల్లారితే చిక్కబడుతుంది. ఆ మసాలా వాసనకే ఇంట్లో పండగ వాతావరణం వస్తుంది. దోసెకీ సంగటికీ రెంటికీ సరిపోతుంది కాబట్టి ఒక్కపొద్దు వాళ్ళ సమస్య కూడా తీరినట్టే. తెల్లగడ్డ తిననివాళ్ళకి అది వేయని పుల్లగూర, కొబ్బరి చట్నీ వేరుగా ఉంచు.

సంగటి అందరూ వచ్చాకే కెలుకు. ముందే చేసి పెడితే రాయి అవుతుంది. ముద్దలో గుంట చేసి నెయ్యి పోసే చోట గానుగ శెనగనూనె పొయ్యి. పప్పులో, పొడుల్లో నువ్వులనూనె. డబ్బా నూనెకి ఆ వాసన రాదు, గానుగ దగ్గరికే వెళ్ళి తెచ్చుకో. తీపికి ఓళిగలు చాలు. పిండి నూనెలోనే నానుతుంది, పూర్ణం శెనగబేడలు, బెల్లం, యాలకులు. కాల్చేటప్పుడూ నూనే వాడి, పైన నెయ్యికి బదులు బెల్లం కలిపిన కొబ్బరిపాలు పోసివ్వు. కొబ్బరిపాలు మరగనిస్తే విరుగుతాయి, వేడెక్కగానే దించేయి. షుగర్ ఉన్నవాళ్ళకి ఒక జామకాయ పెడితే సరి.

అసలు పరీక్ష పెరుగు దగ్గర. చివర్లో మజ్జిగ ముద్ద పడకపోతే మనవాళ్ళకి భోజనం ముగిసినట్టు ఉండదు. దీనికి శెనక్కాయల పెరుగు ఉంది, కానీ రెండు రోజుల ముందు నుంచి చూసుకోవాలి. ఒక కప్పు పచ్చి వేరుశెనగ్గింజలు ఏడెనిమిది గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మూడు నాలుగు కప్పుల నీళ్ళతో మెత్తగా రుబ్బి వడకట్టు. సన్నసెగ మీద తిప్పుతూ పచ్చివాసన పోయేదాకా కాచు. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఏడెనిమిది మిరపకాయ తొడిమలు వేసి మూతపెట్టు. చలికాలం కదా, గిన్నెకి దుప్పటి చుట్టాలి. మొదటి తోడు పలచగా, ఏదోలా ఉంటుంది, భయపడకు. అందులోంచి ఒక చెంచా తీసి, మళ్ళీ కాచిన శెనక్కాయల పాలలో తోడేస్తే రెండోది బాగా పేరుకుంటుంది. దీన్ని ఉత్తగా గిన్నెలో పెట్టి వడ్డిస్తే మాత్రం శెనక్కాయ వాసన పట్టేస్తారు. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర దంచి వేసి, నిమ్మరసం పిండి, ఆవాలు కరివేపాకు తిరగమోత పెట్టి మజ్జిగ చేయి. అప్పుడు గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడుగుతారు. శెనక్కాయలు పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడగటం మాత్రం మరిచిపోబోకు.

ఇంత చేసినా మీ అత్తమ్మ సంచిలోంచి పెరుగు డబ్బా తీసిందనుకో, ఒక గిన్నె, గరిటె ఇచ్చి ఊరుకో. నువ్వు కొని పెట్టకపోవడం నీ ఇష్టం, తను తెచ్చుకోవడం తన ఇష్టం. చంటిపిల్లల పాల దగ్గరైతే ఆ ప్రశ్నే రాకూడదు.

అందరూ భోజనం గురించే టెన్షన్ పడతారు గానీ గుమ్మంలోకి రాగానే అడిగేది కాఫీ. వేడి డికాషన్లో సోయా పాలు పోస్తే తరచూ విరిగిపోతాయి. అల్లం, శొంఠి, బెల్లంతో కషాయం ఫ్లాస్కులో సిద్ధంగా ఉంచు. జనవరి చలికి అదే హాయి.

పుంగనూరు మామ ఆవుల మీద బతుకుతున్న మనిషి. మన జిల్లాలో ఎన్నో ఇళ్ళు పాల డబ్బుతోనే పిల్లల్ని చదివించాయి. ఆయన ముందు డెయిరీల గురించి మాట్లాడబోకు. ఆయనే "పాలు లేకుంటే ఎముకలకి బలం ఎట్లా" అంటే సంగటి చూపించు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, అదే బరువు ఆవుపాలలో దాదాపు 120. కానీ బీ12 విటమిన్ సంగతి అడిగితే గొప్పలకు పోకు, అది మన తిండిలో దొరకదు, మాత్ర వేసుకుంటున్నానని చెప్పు. నిజంగానే వేసుకుంటున్నావు కదా?

ఎవరో ఒకరు కొండ మీద నుంచి లడ్డూ తెస్తారు. అందులో నెయ్యి ఉంటుందని నీకూ తెలుసు, తెచ్చినవాళ్ళకూ తెలుసు. రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుని అందరికీ పంచు. నువ్వు తినాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో. నేనైతే నా వాటా మీ పెదనాయనకి ఇచ్చేస్తాను, ఆయనకేం అభ్యంతరం లేదు.

కొన్న ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క చూసి నమ్మేయకు. ఆ చుక్క ఉన్న బిస్కెట్లలోనూ పాలపొడి ఉండొచ్చు. వెనక చిన్న అక్షరాలు చదువు. మిఠాయి అంగడిలో కొనేవాటి జోలికి అసలు వెళ్ళకు, నెయ్యి లేదంటారు, వెన్న వాడారో లేదో వాళ్ళకే తెలియదు.

అనపకాయలు అక్కడ వెతకబోకు. మీ పెదనాయన గురువారం చిత్తూరు నుంచి వస్తున్నాడు, నాలుగు కేజీలు సంచిలో పంపిస్తాను. శుక్రవారం సాయంత్రమే ఒలిచి నానెయ్యి. ఊరిబిండికి శెనగ్గింజలు మాత్రం సన్నసెగన నువ్వే వేయించుకో, మీ ఆయనకి అప్పజెప్తే ఫోన్ చూస్తూ మాడ్చేస్తాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ