బడి మారింది, ఇల్లు కూడా మార్చకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లాలో గుణుపురం దగ్గర పల్లెటూరు. మా ఊరి తెలుగు మీడియం బడిలో పిల్లలు తగ్గిపోయారని ఈ ఏడాది మూసేసి, మూడు కిలోమీటర్ల అవతలున్న ఒడియా బడిలో కలిపేశారు. నేను చదివిందీ ఆ తెలుగు బడిలోనే. మా పాప మూడో తరగతి పూర్తి చేసింది. కొత్త బడికి బయల్దేరే వేళకి కడుపునొప్పి అంటుంది, ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. సాయంత్రాలు పాత బడి కిటికీలోంచి లోపలికి తొంగి చూసి వస్తోంది. ఒడియా చదవడం రాదు కాబట్టి రెండో తరగతిలో కూర్చోబెడతామని అక్కడి మాస్టారు అంటున్నారు. పార్వతీపురంలో మా అన్నయ్య ఇంట్లో ఉంచి చదివించమని అత్తగారు పట్టుబట్టారు. మావారు విశాఖలో పని చేస్తారు, ఫోన్ చేస్తే "నీ ఇష్టం" అంటారు. నాకు ఒడియా మాట్లాడటమే వచ్చు, అక్షరాలు రావు. హోంవర్క్ కూడా చెప్పలేను. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ ఏడాది పాపను పార్వతీపురం పంపకండి. మీ అన్నావదినలు ఎంత మంచివాళ్లైనా సరే. పిల్లకి బడి పోయింది, అలవాటైన మాస్టారు పోయారు, పక్కన కూర్చునే స్నేహితులు చెదిరిపోయారు. ఇప్పుడు అమ్మ కూడా దూరమైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. "ఒడియా రాలేదని నన్ను ఇంట్లోంచి పంపేశారు" అని ఆ వయసు పిల్లలు లోలోపల అనుకుంటారు, పైకి చెప్పరు. పైగా ఆంధ్రలో ప్రభుత్వ బడుల్లో కూడా ఇప్పుడు చాలాచోట్ల ఇంగ్లీషు మీడియమే. తెలుగు కోసమని పంపితే అక్కడా మళ్లీ కొత్త భాషతోనే మొదలుపెట్టాల్సి రావచ్చు.

కడుపునొప్పిని ఒకసారి డాక్టరుకు చూపించండి. ఏమీ లేదని తేలినా "నాటకాలాడుతోంది" అనొద్దు, ఇంట్లో ఎవర్నీ అననివ్వొద్దు. పిల్లల్లో భయం చాలాసార్లు కడుపులోనే తెలుస్తుంది, ఆ నొప్పి నిజమే. అలాగని బడి మానిపించకండి. ఒకరోజు ఆగితే మర్నాడు కాలు కదపడం ఇంకా కష్టమవుతుంది. మొదటి రెండు వారాలు మీరే వెంట వెళ్లండి, మాస్టారు ఒప్పుకుంటే తరగతి గది దాకా. ఇంటికొచ్చాక పాఠాల గురించి అడక్కండి. ఎవరి పక్కన కూర్చుంది, భోజనంలో దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) పెట్టారా, గుడ్డు పెట్టారా, అవి అడగండి. పాత బడి కిటికీ దగ్గరికి వెళ్తే వెళ్లనివ్వండి. ఒకరోజు మీరూ వెళ్లి, మీరు ఏ మూల కూర్చునేవారో చూపించండి. ఆ బడి పోయిందని మీకూ బాధగా ఉందని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆ మాట పాపతో అనండి. పాత మాస్టారు ఎక్కడికి బదిలీ అయ్యారో కనుక్కుని ఫోన్లో మాట్లాడించండి. "కొత్త బడికి వెళ్లమ్మా" అని ఆయన అంటే ఆ మాటకు విలువ వేరు.

రెండో తరగతి సంగతికి మాత్రం తల ఊపకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. నాలుగో తరగతిలోనే ఉంచి ఒడియా అదనంగా నేర్పమని హెడ్మాస్టరుకు కాగితం రాసివ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికీ వీల్లేదు. దూరం నుంచి వచ్చే పిల్లలకు సమగ్ర శిక్షా పథకంలో ఏడాదికి 6,000 రూపాయల వరకు ప్రయాణ సాయం ఉంటుంది, అడగండి. మీ ఊరి పిల్లలందరూ కలిసి వెళ్లేలా, తల్లులు వంతులవారీగా వెంట నడిచేలా మాట్లాడుకోండి.

స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. మూతపడ్డ బడి తల్లుల్లో ఒకరైనా అందులోకి వెళ్లాలి, అది మీరే ఎందుకు కాకూడదు? ప్రాథమిక దశలో భాషా మైనారిటీ పిల్లలకు మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. దాన్ని పేర్కొంటూ, కనీసం ఒక తెలుగు టీచరునైనా ఇవ్వమని ఊరంతా సంతకాలు పెట్టి కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. మూసిన బడి రేపే తెరుచుకుంటుందని నేను చెప్పను. కానీ అడగకపోతే ఆ పిల్లలున్నారని ఎవరికీ గుర్తుండదు.

హోంవర్క్ గురించి రాసిన వాక్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. మీ అసలు టెన్షన్ అదేననిపించింది. అక్షరాలు రాకపోవడం తప్పు కాదు, సిగ్గుపడకండి. ఒడియా మాట మీకు వచ్చు కదా, సగం పని అయిపోయినట్టే. వర్ణమాల వరస మనదే: అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. మనకున్న ఎ, ఏ తేడా గానీ, ఒ, ఓ తేడా గానీ అక్కడ లేవు. అక్షరాల రూపమే కొత్త, తల గుండ్రంగా ఉంటుంది. రాత్రి అన్నాలయ్యాక పాప పక్కన కూర్చుని రోజుకి నాలుగక్షరాలు మీరూ దిద్దండి. పాపనే మీకు నేర్పమనండి. బడిలో అందరికంటే వెనకబడ్డానని కుంగిపోతున్న పిల్ల ఇంట్లో టీచరవుతుంది.

అత్తగారిని విరోధిగా చూడకండి. ఒడియా చదివితే మనవరాలు మనది కాకుండా పోతుందని ఆవిడ భయం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గుణుపురం ప్రాంతం విశాఖ జిల్లా నుంచి అటు కలిసింది. అప్పట్నుంచి మీ ఇళ్లలో తెలుగు నిలిచింది ఆవిడలాంటి వాళ్ల నోటనే. రాత్రి కథ చెప్పే పని, తెలుగు చదివించే పని ఆవిడకే అప్పగించండి. మీవారితో కూడా "నీ ఇష్టం" కుదరదని చెప్పండి. రోజూ సాయంత్రం ఓ పది నిమిషాలు పాపతో మాట్లాడే బాధ్యత ఆయనది.

నెల గడిచినా సరిగ్గా తినకపోయినా, నిద్రలో ఉలిక్కిపడినా, పక్క తడుపుతున్నా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఐదో తరగతి అయ్యాక పార్వతీపురం మాట మళ్లీ తలెత్తితే అప్పుడు పాపనే కూర్చోబెట్టుకుని అడగండి. ప్రస్తుతానికి మీ అన్నయ్యకు చెప్పాల్సింది ఒక్కటే: మూడు, నాలుగు తరగతుల తెలుగు వాచకాలు బస్సులో పంపమని.