షిఫ్ట్‌లో పెద్దవాళ్లు మాట వినడం లేదు: మానేసి ఎంబీఏ చేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి జీడిమెట్లలో ఒక యూనిట్‌లో చేరాడు. ఈమధ్యే షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని చేశారు. కింద పనిచేసేవాళ్లంతా వయసులో పెద్దవాళ్లు. గ్రైండర్ దగ్గర కళ్లద్దాలు పెట్టుకోమన్నా, టైమ్‌కు రమ్మన్నా గొడవే. మానేసి ఎంబీఏలో హెచ్ఆర్ చదువుతానంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, సూరారం

జవాబు: అమ్మా, ముందు చదువు సంగతి. ఒట్టి డిప్లొమాతో ఎంబీఏలో చేరలేడు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు డిగ్రీ కావాలి. డిప్లొమావాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే మూడేళ్లు పడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివినా మూడేళ్లే. నన్నడిగితే రెండో దారే నయం. హెచ్ఆర్‌లోకి వెళ్లినా రోజూ తేల్చాల్సింది ఇలాంటి గొడవలే మరి.

ఇక అద్దాలు. పెట్టుకోకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. ఆ అద్దాలు తనే పెట్టుకుని పది నిమిషాలు గ్రైండర్ దగ్గర నిలబడమనండి. గీతలు పడి మసకబారాయా, చెమటకు ఆవిరి పడుతోందా, ముగ్గురికి కలిపి ఒక్క జతే ఉందా, అన్నీ తెలిసిపోతాయి. గాలి రంధ్రాలున్న గాగుల్స్ మనిషికొకటి ఇప్పించాకే రూల్ మాట ఎత్తాలి. పనిలో పనిగా గ్రైండర్‌నూ చూడాలి. చక్రానికీ, అరగదీసే ముక్కను ఆనించే టూల్ రెస్ట్‌కీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. చక్రం అరిగేకొద్దీ ఆ సందు పెరుగుతుంది, అరగదీసే ముక్క అందులో ఇరుక్కుంటే చక్రం పగిలి ముక్కలు ఎగురుతాయి. తన వంతు పని అతను చేశాడని కళ్లారా చూశాక పెద్దవాళ్లకు సాకు మిగలదు.

ఆ తర్వాత ఎవరికీ మినహాయింపు వద్దు. హెల్పర్ మీద అరిచి, సీనియర్ ఫిట్టర్‌ను చూసీచూడనట్టు వదిలేస్తే రూల్ ఆ రోజుతోనే పోతుంది. అందుకే మొదట అందరికంటే సీనియర్‌తో, పక్కకు పిలిచి మాట్లాడాలి: "అన్నా, మీరు పెట్టుకుంటే మిగతావాళ్లూ పెట్టుకుంటారు. సోమవారం నుంచి అద్దాలు లేకుండా మిషన్ ఆన్ చేయనివ్వను, మీకైనా సరే." సోమవారం ఎవరైనా అద్దాలు లేకుండా వచ్చి నిలబడితే తిట్టక్కర్లేదు. స్విచ్ ఆపి, పెట్టుకునేదాకా అక్కడే నిలబడితే చాలు. అయితే ప్రొడక్షన్ మేనేజర్‌ను ముందే ఒప్పించుకోవాలి. లేదంటే టార్గెట్ తగ్గిందని ఆయనే వచ్చి మిషన్ ఆన్ చేయిస్తాడు, అబ్బాయి మాటకు విలువుండదు. బిహార్, ఒడిశా కార్మికులుంటే ఈ రూల్ బోర్డు హిందీలోనూ రాయించాలి.

వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి మందలించడం అసలు వద్దు. యాభై ఏళ్ల మనిషి నలుగురిలో పోయిన పరువును మర్చిపోడు.

లేటు విషయంలో "సగం రోజు జీతం కట్" అనే అధికారం అతనికి లేదు. పనిలో లేని సమయానికి తగ్గట్టే కోత ఉండాలి. జరిమానా అయితే ముందు సంజాయిషీ అడగాలి, అది ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. అతను చేయాల్సిన పని రాసిపెట్టడం: తేదీ, సమయం, తను ఏం చూశాడు, ఏం చెప్పాడు, అవతలివాళ్లు ఏమన్నారు. "బాధ్యత లేదు" అని రాస్తే పనికిరాదు, "8:00 షిఫ్ట్‌కు 8:25కు వచ్చారు" అని రాయాలి. ముందు నోటిమాటగా చెప్పి, మళ్లీ జరిగితే మెమోకు పంపాలి. సంజాయిషీ నోటీసు దాకా వస్తే అది హెచ్ఆర్ పని. ఫిర్యాదు చేసిన తనే విచారణ అధికారిగా కూర్చోకూడదు, అలా చేస్తే ఆ విచారణ నిలవదు. కాంట్రాక్ట్ కార్మికులైతే కాంట్రాక్టర్ తరఫు మనిషితోనే చెప్పించాలి.

ఇద్దరు చొక్కాలు పట్టుకునేదాకా వస్తే ఎవరిది తప్పో అక్కడే తేల్చేయొద్దు. మిషన్లు ఆపి, ఇద్దరినీ వేర్వేరు చోట్ల కూర్చోబెట్టి, ఆ రోజే విడివిడిగా రాయించుకోవాలి. చూసినవాళ్లతోనూ రాయించాలి. మర్నాటికల్లా అందరి మాటా ఒక్కటైపోతుంది. ఎవరి దగ్గరైనా మందు వాసన వస్తే మిషన్ మీదికి పంపకూడదు, సాక్షిని పక్కన పెట్టుకుని రాసి, తోడిచ్చి ఇంటికి పంపాలి. బండి మీద ఒంటరిగా వెళ్లనివ్వొద్దు.

ఈ నెల అద్దాల రూల్ ఒక్కటే పట్టుకోమనండి. అది కుదురుకున్నాక లేటు సంగతి. రెండూ ఒకేసారి మొదలుపెడితే షిఫ్ట్ అంతా ఒక్కటై ఎదురు తిరుగుతుంది.