మెయిల్ మారుస్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జమ్మకు, మావయ్య ఆశీస్సులు.

మీ కంపెనీ మెయిళ్లకూ ఫైళ్లకూ గూగుల్ వర్క్‌స్పేస్ వదిలి మైక్రోసాఫ్ట్ 365కి మారుతోందనీ, ఆ బాధ్యత నీ నెత్తిన పెట్టారనీ మీ అమ్మ చెప్పింది. విజయవాడలో హెడ్ ఆఫీసు, గుంటూరు, రాజమండ్రిలో బ్రాంచీలు, డెబ్భై మంది దాకా స్టాఫ్. నెలాఖరుకల్లా అయిపోవాలని ఎండీ గారు అన్నారట. సర్వర్ గదుల్లో జుట్టు నెరిసినవాణ్ణి కదా, నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎందుకు మారుతున్నారని అడగను. ఎక్సెల్ లేకపోతే అకౌంట్స్ వాళ్లకు పూట గడవదు, ఆ లైసెన్సులు ఎలాగూ కొంటున్నప్పుడు రెండు చోట్ల డబ్బు కట్టడం దేనికి అనుకుని ఉంటారు. సబబే. అయితే ఒకటి గుర్తుపెట్టుకో. మెయిళ్లూ ఫైళ్లూ కాపీ కావడం ఇందులో చిన్న పని, దాన్ని టూల్ చూసుకుంటుంది. నీ ప్రాణం తీసేవి ఆ మెయిల్ ఐడీలను పట్టుకుని వేలాడే మిగతా వ్యవహారాలు. అవేమిటో ఏ టూలూ చెప్పదు, మీ ఆఫీసులో ఎవరూ ఎక్కడా రాసిపెట్టి ఉండరు. అందుకే మొదటి పది రోజులూ కంప్యూటర్ ముందు కాదు, నోటుబుక్కు పట్టుకుని సీటు సీటుకూ తిరుగు.

అన్నిటికన్నా ముందు డొమైన్, అంటే మెయిల్ ఐడీలో @ తర్వాత ఉండే మీ కంపెనీ పేరు, ఎవరి చేతిలో ఉందో తేల్చు. నవ్వకు. చాలా కంపెనీల్లో అది ఎప్పుడో వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడి పేరున ఉంటుంది. ఆ కుర్రాడు ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. లాగిన్ ఓటీపీ అతని పాత ఎయిర్‌టెల్ నంబరుకు పోతుంది. ఆ తాళం చేతికి రానిదే ఎంఎక్స్ రికార్డు (మీ మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేది) మార్చలేవు, అది మారనిదే కొత్త ఇన్‌బాక్సుకు ఒక్క ఉత్తరం రాదు. కాబట్టి తాళం దొరికేదాకా ఎవరికీ తేదీ చెప్పకు.

తర్వాత అకౌంట్స్ వాళ్ల దగ్గర కూర్చో. జీఎస్టీ పోర్టల్, ఇన్‌కమ్‌టాక్స్, పీఎఫ్, బ్యాంకులు, వీటి ఓటీపీలన్నీ ఒకే అకౌంట్స్ ఐడీకి వస్తుంటాయి. ఆ ఐడీ పాస్‌వర్డ్ నలుగురి దగ్గర ఉంటుంది, గోడకు అంటించిన కాగితం మీద కూడా ఉండొచ్చు. ఇన్ఫో, సేల్స్ ఐడీలదీ అదే కథ. అక్కడికి వెళ్లాక వీటిని షేర్డ్ మెయిల్‌బాక్సులుగా పెట్టు. యాభై జీబీ లోపు ఉంటే విడిగా లైసెన్స్ అక్కర్లేదు. ఎవరి సొంత లాగిన్‌తో వాళ్లు తెరుచుకుంటారు. ఒకడు ఉద్యోగం మానేస్తే అతని పేరు తీసేస్తే చాలు, పాస్‌వర్డ్ మార్చి నలుగురికీ చెప్పుకునే బాధ పోతుంది.

తేదీ కూడా వాళ్లనే అడిగి పెట్టు. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీఆర్-3బి. ఆ రోజుల్లో ఓటీపీ పాత బాక్సులో పడిందా, కొత్త బాక్సులో పడిందా అని వెతుక్కుంటూ కూర్చుంటే ఆ టెన్షన్ నువ్వు తట్టుకోలేవు. 20 దాటాక వచ్చే శనివారం సాయంత్రం మంచిది. మార్చి నెల జోలికి పోకు. ఎండీ గారికి ఈ లెక్క చూపిస్తే ఆయనే తేదీ జరుపుతారు.

నీ జాబితాలో మూడో వరస చాలామంది మరిచిపోయేది. మీ డిజైన్ అమ్మాయి పోస్టర్లు చేసే కాన్వాలోకి ఎలా వెళ్తోంది? హెచ్ఆర్ వాళ్లు జాబ్ పోర్టల్‌లోకి? ‘గూగుల్‌తో సైన్ ఇన్’ బటన్ నొక్కి. గూగుల్ అకౌంట్ తీసేసిన రోజున ఆ తలుపులన్నీ ఒకేసారి మూసుకుంటాయి. గూగుల్ అడ్మిన్ కన్సోల్‌లో ఏపీఐ కంట్రోల్స్ తెరిస్తే ఏయే బయటి యాప్‌లకు అనుమతులు ఇచ్చారో కనిపిస్తుంది. ఒక్కొక్కదానికీ విడిగా పాస్‌వర్డ్ పెట్టించు. అన్నీ ఒకేసారి కుదరకపోతే క్లౌడ్ ఐడెంటిటీ ఫ్రీ అని గూగుల్‌దే ఒకటి ఉంది. మెయిల్, డ్రైవ్ ఉండవు గానీ లాగిన్ మాత్రం బతికుంటుంది. వర్క్‌స్పేస్ రద్దు చేయకముందే దాన్ని తగిలించుకోవాలి, తర్వాత కాదు.

మెయిల్ పంపే యంత్రాలనూ లెక్క రాయి. జిరాక్స్ మిషన్ స్కాన్ చేసి మెయిల్ కొడుతుంది, టాలీ నుంచి ఇన్‌వాయిస్‌లు పోతాయి, వెబ్‌సైట్‌లో కాంటాక్ట్ ఫారం ఉంటుంది. ఇవన్నీ ఇప్పుడు గూగుల్ యాప్ పాస్‌వర్డ్‌తో (యంత్రాలకు విడిగా ఇచ్చేది) నడుస్తూ ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు నుంచి ఉత్త యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లాగిన్‌లను మూసేస్తూ వచ్చింది. పాత మిషన్‌కు కొత్త లాగిన్ పద్ధతి రాకపోతే వేరే దారి చూడాలి. అది సోమవారం పొద్దున కాదు, ఇప్పుడే చూడు.

ఇవి తేలాక డీఎన్‌ఎస్, అంటే డొమైన్ రికార్డులన్నీ ఉండే చోటు. టీటీఎల్, అంటే పాత రికార్డును బయటి సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకుంటాయో, ఇప్పుడు ఎంత ఉందో చూడు. 86400 ఉంటే ఒక రోజంతా అని అర్థం. మార్పుకు రెండు రోజుల ముందే దాన్ని 300కు దించు. మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఎవరికుందో చెప్పే రికార్డు ఎస్పీఎఫ్. దాని విషయంలో ఒక చోట చూసిన తంతు చెబుతాను. గూగుల్ రికార్డు అలాగే ఉంచి, పక్కన మైక్రోసాఫ్ట్‌కు ఇంకొకటి పెట్టారు. ఒక డొమైన్‌కు ఒకే ఎస్పీఎఫ్ రికార్డు ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. వాళ్ల కొటేషన్లు వారం పాటు కస్టమర్ల స్పామ్‌లో పడ్డాయి, సేల్స్ వాళ్లేమో మార్కెట్ డల్‌గా ఉందనుకున్నారు. ఉన్నదాంట్లోనే రెండో పేరు చేర్చాలి. దాన్ని చదవడానికి చేయాల్సిన డీఎన్‌ఎస్ లుకప్‌లు (వెతుకులాటలు) మొత్తం పది దాటకూడదు.

డీకిమ్, అంటే మెయిల్ మీ దగ్గరినుంచే వచ్చిందని చూపే సంతకం, దానంతట అది కుదురుకోదు. నువ్వు డీఎన్‌ఎస్‌లో దానికి కావలసిన సీనేమ్ రికార్డులు రెండూ పెట్టి ఆన్ చేసేదాకా మైక్రోసాఫ్ట్ మీ డొమైన్ పేరుతో కాక తన ఆన్‌మైక్రోసాఫ్ట్ పేరుతో సంతకం చేస్తుంది. మీరు గూగుల్‌ను వదిలినా మీ డీలర్లంతా జీమెయిల్‌లోనే ఉన్నారు కదా. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. జీమెయిల్‌కు రోజుకు 5000 పైన మెయిళ్లు పంపేవాళ్లకు ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ రెండూ తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది) మూడూ తప్పనిసరి. మీరు అన్ని పంపకపోయినా మూడూ పెట్టుకో.

ఇక మెయిల్ కాపీ. మైక్రోసాఫ్ట్ మెయిల్‌ను నడిపే ఎక్స్ఛేంజ్ అడ్మిన్ సెంటర్‌లోనే గూగుల్ నుంచి తెచ్చే టూల్ ఉంది. మెయిళ్లు, కాలెండర్, కాంటాక్టులు తెస్తుంది. బ్యాచ్ ఒకసారి మొత్తం కాపీ అయ్యాక, నువ్వు పూర్తి చేయమనేదాకా రోజుకోసారి కొత్తగా వచ్చినవి తెస్తూ ఉంటుంది. కాబట్టి రెండు వారాల ముందే మొదలుపెట్టి వదిలెయ్, శనివారానికి మిగిలేది ఆ వారం మెయిళ్లే. ఎవరైనా ఐమ్యాప్‌తో (మెయిల్ దించుకునే పాత పద్ధతి) లాగేద్దాం, సులువు అంటే వినకు. ఒక అకౌంట్ నుంచి ఐమ్యాప్‌లో రోజుకు 2500 ఎంబీ మించి దించుకోనివ్వదు గూగుల్. ఎండీ గారి ముప్పై జీబీకి పన్నెండు రోజులు పైనే. పైగా లేబుళ్ల తంటా ఒకటి. జీమెయిల్‌లో ఒకే మెయిల్‌కు మూడు లేబుళ్లంటే, ఒకే మనిషిని ఇంట్లో చిన్నా అని, ఆఫీసులో రావుగారని, ఊళ్లో మాస్టారి అబ్బాయని పిలిచినట్టు. ఐమ్యాప్ వచ్చి ముగ్గురు మనుషులని లెక్కేసుకుని మూడు ఫోల్డర్లలో మూడు కాపీలు పెడుతుంది.

ఫిల్టర్లు రూల్స్‌గా వస్తాయి గానీ ఆపేసి ఉంటాయి, ఎవరివి వాళ్లు సరిచూసి ఆన్ చేసుకోవాలి. సెలవు ఆటో రిప్లై రాదు. కాంటాక్టుల్లో ఒకరికి మూడు మెయిల్ అడ్రసుల దాకానే వస్తాయి. ఎండీ గారి పీఏ రూల్స్‌ను మాత్రం నువ్వే పక్కన కూర్చుని ఔట్‌లుక్‌లో సరిచూసి ఆన్ చేయించు. మిగతావాళ్లు చేసుకుంటారు, గొణుక్కుంటారు, అలవాటు పడతారు.

నువ్వు కాస్త ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఫైళ్ల దగ్గర. గూగుల్ డ్రైవ్‌లో పేరు ఎలా పెట్టినా ఊరుకుంటుంది. ‘గుంటూరు బిల్లులు 12/04/2019’ అని స్లాష్‌లతో పెట్టినా సరే, ఒకే ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో ఫైల్ ఉన్నా సరే. మైక్రోసాఫ్ట్‌లో ఫైళ్లు దాచే షేర్‌పాయింట్ ఒప్పుకోదు. స్లాష్, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు ఏవీ పేరులో ఉండకూడదు. ఫోల్డర్లతో కలిపి దారి మొత్తం 400 అక్షరాలు దాటకూడదు. ఫైళ్లు తరలించే మైక్రోసాఫ్ట్ టూల్ మైగ్రేషన్ మేనేజర్‌తో ముందు స్కాన్ మాత్రమే చేయించు, ఇబ్బందుల జాబితా ఇస్తుంది. పేర్లు మార్చే పని ఆయా డిపార్ట్‌మెంట్ల వాళ్లకే అప్పగించు. పనిలో పనిగా చెత్త వాళ్లే తీసేస్తారు.

గూగుల్ షీట్ల విషయం మాత్రం శ్రద్ధగా విను. షీట్‌ను ఎక్సెల్‌గా మార్చినప్పుడు ఇంపోర్ట్‌రేంజ్, క్వెరీ, గూగుల్‌ఫైనాన్స్ లాంటి గూగుల్ ఫార్ములాలు ఎక్సెల్‌లో లేవు కదా, ఎర్రర్ వస్తుందిలే, కనిపెడతాంలే అనుకుంటారు. ఎర్రర్ రాదు! గూగుల్ ఆ ఫార్ములాను ఒక ఇఫ్‌ఎర్రర్‌లో (ఫార్ములా తప్పితే పక్కనున్న విలువ చూపించేది) చుట్టి, లోపల డమ్మీఫంక్షన్ అని రాసి, మార్చిన రోజున ఉన్న అంకెను పక్కన పెట్టి ఇస్తుంది. ఎక్సెల్‌కు ఆ ఫంక్షన్ తెలియదు, కాబట్టి ఎప్పుడూ ఆ పాత అంకెనే చూపిస్తుంది. రాజమండ్రి స్టాకు 340 అని శనివారం ఉంటే, వచ్చే దసరాకు కూడా 340 అనే ఉంటుంది. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది, అదే ప్రమాదం. ముఖ్యమైన ప్రతి ఎక్సెల్ ఫైల్ తెరిచి, ఫార్ములాల్లో డమ్మీఫంక్షన్ అనే ఇంగ్లిష్ మాట వెతికించు. దొరికిన చోటల్లా ఎక్సెల్‌లోని పవర్ క్వెరీతోనో మరోలాగో మళ్లీ కట్టాలి. గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌తో ఎవరో రాసిపెట్టిన ఆటోమేటిక్ రిపోర్టులు కూడా అంతే, అక్కడ నడవవు.

మన తెలుగు ఫైళ్లకు ఇంకో తిప్పలు. డీలర్లకు పంపే కరపత్రాలు గూగుల్ డాక్స్‌లో మండలి, రామభద్ర ఫాంట్లలో చేసి ఉంటారు. వర్డ్‌లో తెరిచిన కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే విండోస్‌లోని గౌతమి ఫాంటో, నిర్మలా యూఐనో వచ్చి కూర్చుంటుంది. ఒక పేజీ కరపత్రం పేజీన్నర అవుతుంది, హెడ్డింగ్ కింద ఫొటో ఎగిరి రెండో పేజీకి పోతుంది. ఫాంట్లు ఉచితమే, ముందే అన్ని కంప్యూటర్లలో వేయించేయ్.

‘షేర్డ్ విత్ మీ’లో కనిపించే ఫైళ్లు మీవి కావని స్టాఫ్‌కు చెప్పు. మీ ఆడిటర్ గారు తన డ్రైవ్‌లో పెట్టి మీకు చూపిస్తున్నవి మీతో రావు. మీరు ఆయనకిచ్చిన పాత లింకులూ పనిచేయవు. ఆయనకు ముందే ఫోన్ చేసి చెప్పు. సర్వీస్ సెంటర్ గోడకు అంటించిన గూగుల్ ఫారం క్యూఆర్ కోడ్ ఉంటే అదీ మార్చాలి.

కాలెండర్లకు పెద్దగా చెప్పేదేం లేదు. మీటింగ్ రూముల బుకింగ్‌లు రావు, రంగులు రావు, పాత మీటింగ్‌లలో గూగుల్ మీట్ లింకే ఉంటుంది. ప్రతివారం జరిగే మీటింగ్‌లను ఎవరు పెట్టారో వాళ్లే తీసేసి, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లింక్‌తో కొత్తగా పెట్టుకోవాలి.

పరీక్షకు మొదట ఐటీ వాళ్లను తీసుకోకు, వాళ్లు తిప్పలు పడైనా నెట్టుకొస్తారు. అకౌంట్స్‌లో ఒకరిని, బ్రాంచిలో ఒకరిని, ప్రతిదానికీ సణిగే మనిషిని ఒకరిని తీసుకో. ఆ సణిగే మనిషి నీకు దేవుడిచ్చిన టెస్టర్. సోమవారం కొత్త మెయిల్‌లోకి ఎలా వెళ్లాలో ఆ వివరాలు మెయిల్‌లో పంపకు, మెయిల్ తెరవలేనివాళ్లకే అవి కావాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టు. మొదటి పాస్‌వర్డ్ మాత్రం గ్రూపులో వద్దు, చీటీ మీద చేతికివ్వు. బ్రాంచీల్లో పొద్దున తొమ్మిదికి ఒక మనిషి ఉండేలా చూడు. గొడవంతా ఫోన్లలో యాప్ పెట్టించడం దగ్గరే.

మానేసినవాళ్ల మెయిళ్లు పారేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు దాచాలి. జీఎస్టీకైతే ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. ఆ లెక్కలకు ఆధారాలు, ఆర్డర్లు, ఒప్పందాలు, చాలావరకు ఆ మెయిళ్లలోనే ఉంటాయి. వాటినీ షేర్డ్ మెయిల్‌బాక్సులుగా మార్చి, చూసే హక్కు ఒకరిద్దరికే ఇవ్వు.

గూగుల్ బిల్లు ఇంకొక నెల కట్టమను. ఎండీ గారు గొణిగితే నా పేరు చెప్పు. గూగుల్‌లో తీసేసిన యూజర్‌ను 20 రోజుల్లోపే వెనక్కి తెచ్చుకోగలం, ఆ తర్వాత అడిగినా లాభం లేదు. నెల పాటు పాత బాక్సుల్లోకి ఏమైనా వస్తోందేమో చూడు. ఎవరో ఫైల్ కనబడలేదంటే అక్కడ వెతుకు. ఒక జీఎస్టీ చక్రం పూర్తిగా కొత్తదాని మీద గడవనీ. ఆ తర్వాత మొత్తం ఎక్స్‌పోర్ట్ తీసి, రెండు హార్డ్‌డిస్కుల్లో వేసి, ఒకటి ఆఫీసు బయట పెట్టించి, అప్పుడు రద్దు చెయ్.

నోటుబుక్కు నిండాక ఫొటోలు తీసి నాకు పంపు. ఆదివారం కూర్చుని చూద్దాం.

మావయ్య