ఆపరేటరుగా చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. బీకాం అయిపోయింది, కంప్యూటర్ ఆపరేటరుగా చేరదామనుకుంటున్నావు, ఆరు నెలల కోర్సుకు పాతిక వేలు అడుగుతున్నారు. ఇంకోపక్క ఎవరో ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ పోస్టు (ఏజెన్సీ ద్వారా పెట్టుకునేది) ఇప్పిస్తానని మీ నాన్నను లక్షన్నర అడిగాడట. ముందు ఆ లక్షన్నర సంగతి చూద్దాం. ఇవ్వొద్దు. అడ్వాన్సు అని పది వేలు కూడా ఇవ్వొద్దు. ఆ పోస్టు నిజంగా ఉందే అనుకో, ఆ డబ్బు రాబట్టుకోడానికి తొమ్మిది నెలలు ఊరికే పని చేసినట్టు. లేదే అనుకో, ఆయన ఫోను స్విచాఫ్.

తొమ్మిది నెలలని ఎలా అన్నానంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో ఔట్‌సోర్సింగ్ వాళ్లకు మూడు మెట్లుగా జీతాలు పెట్టారు: 21,500, 18,500, 15,000. డేటా ఎంట్రీ ఆపరేటరుకు మామూలుగా మధ్య మెట్టు. 18,500లో పీఎఫ్ 15,000 మీద 12 శాతం కోస్తే 1,800 పోతుంది. ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 139. వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది 16,411. తెలంగాణలో 2021లో పెట్టిన లెక్క ప్రకారం ఇదే పనికి 19,500. పెద్ద తేడా ఏమీ లేదు.

చేరేటప్పుడు అడగాల్సింది జీతం ఎంతని ఒక్కటే కాదు. జీతం ఎవరు వేస్తారు, ఏ తారీఖున వేస్తారు, పీఎఫ్‌లో యజమాని వాటా ఎవరి జేబులోంచి అని అడుగు. ఆ వాటా కూడా మన జీతంలోంచే కోసేసే ఏజెన్సీలున్నాయి. అది తప్పు. చేరిన మొదటి నెల తర్వాత ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూసుకో. స్లిప్పులో కోసి అక్కడ జమ చెయ్యకపోతే రెండో నెలలోనే అడగాలి. నేను మొహమాటపడి పద్నాలుగు నెలలు అడగలేదు. ఆ ఏజెన్సీ మారిపోయింది, నా డబ్బు ఏమైందో ఇప్పటికీ తేలలేదు.

ఇక కోర్సు. పాతిక వేలకు వాళ్లు చెప్పేది వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, ఇంటర్నెట్. వర్డ్ నువ్వు వారంలో నేర్చుకుంటావు. ఆ డబ్బులో నాలుగో వంతు పెట్టి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరు. నవ్వకు. నేను 1994లో గుంటూరు బ్రాడీపేటలో టైపు మిషను మీద లోయర్ పరీక్ష పాసయ్యాను, తర్వాత హయ్యరు. లోయర్ అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అంటే 45. కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఇంటర్ స్థాయి పరీక్షలో డేటా ఎంట్రీ ఆపరేటరుకు చాలా శాఖల్లో అడిగేది గంటకు 8,000 కీ నొక్కులు. నిమిషానికి 27 మాటలు కూడా కాదు. అంటే లోయర్ వచ్చిన పిల్లకు అక్కడ వేగం గురించి టెన్షనే అక్కర్లేదు. అదే పరీక్షలో క్లర్కు పోస్టుకు ఇంగ్లీషు 35 మాటలు కావాలి. అందులో ఆపరేటరుకు మూల వేతనం 25,500తో మొదలవుతుంది, పైన డీఏ అదనం. ఔట్‌సోర్సింగ్ సీటుకు లక్షన్నర పోసే బదులు ఆ పరీక్షకు రెండేళ్లు కూర్చోవడం నయం. కొన్ని శాఖల పోస్టులకు ఇంటర్లో లెక్కలు ఉండి తీరాలి, వేగమూ ఎక్కువ అడుగుతారు, అప్లికేషన్ పెట్టే ముందు అది చూసుకో.

వేగం వచ్చాక అసలు పని మొదలవుతుంది. ఆపరేటరంటే చూసి కొట్టేవాడని అందరూ అనుకుంటారు. కొట్టేటప్పుడు నీ ముందున్న అంకె ఏమిటో తెలియకపోతే ఎంత వేగం ఉన్నా దండగే. ఒక ఆఫీసులో (పేరెందుకులే) లబ్ధిదారుల జాబితా చేసి పంపాను. మూడు వందల చిల్లర పేర్లు. డబ్బు వేశాక నలభై మందికి పడలేదు. రెండు రోజులు తల పట్టుకుని చూస్తే తేలింది ఏమిటంటే, ఎక్సెల్ ఏ అంకెనైనా 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా చేసేస్తుంది, పైకి ఏమీ చెప్పదు. తర్వాత ఆ గడిని టెక్స్టుగా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. కొట్టకముందే ఆ వరసంతా ఎంచుకుని టెక్స్ట్ పెట్టుకోవాలి. మొదట్లో సున్నా ఉన్న నంబర్లకూ అదే మందు. ఆ నలభై మంది ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు, నన్ను చూసి ఒకావిడ "మా పేర్లు నువ్వే తీసేశావంట కదయ్యా" అంది. ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది.

ఐఎఫ్ఎస్‌సీ కోడులో కూడా ఇలాంటిదే ఒకటుంది. మొత్తం 11 అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. చాలామంది అక్కడ 'ఓ' కొడతారు. 2020 ఏప్రిల్లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక పాత కోడులు మారాయి. ఇప్పటికీ జనం పాత పాస్‌బుక్ జిరాక్సు తెచ్చి ఇస్తారు. కోడు మొదట్లో ఆంధ్రా బ్యాంకు నాలుగు అక్షరాలు చూడగానే "అమ్మా, కొత్త పాస్‌బుక్ ఉందా" అని అడిగావనుకో, నువ్వు ఆపరేటరువి. అడక్కుండా కొట్టేస్తే టైపిస్టువి.

పేర్లు ఇంకో తలనొప్పి. ఇంటిపేరు ముందా వెనకా, సునీతకు 'టి' తర్వాత 'హెచ్' ఉందా లేదా, వెంకటేశ్వర్లులో 'ఎస్' ఒక్కటేనా పక్కన 'హెచ్' కూడా ఉందా. ఆధార్లో ఎలా ఉంటే అలాగే కొట్టు. నీకు సరైనదని తోచినట్టు దిద్దకు. చూసి కొట్టడమే గొప్ప అయిన చోటు ఇదొక్కటే.

నీకు బీకాం ఉంది కదా, దాన్ని వదిలి కంప్యూటరు కోర్సు వెంట పడతావేం? కంప్యూటరులో జమాఖర్చులు రాసే ట్యాలీ నేర్చుకో. మిర్చి యార్డు చుట్టుపక్కల కమిషన్ కొట్లలో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా తూకం, కూలీ, కమిషన్, రైతుకు ఇచ్చే లెక్క చీటీ (పట్టీ) అన్నీ సాయంత్రానికి తేలాలి. ఎఫ్8 కొడితే సేల్స్, ఎఫ్9 కొడితే పర్చేజ్ అని కుర్రాళ్లందరికీ తెలుసు. ఫలానా కూలీ ఖర్చు ఏ లెడ్జరులో పడాలో చెప్పేవాళ్లే తక్కువ. సరుకు విలువ 50,000 దాటితే లారీ కదిలేముందు ఈ-వే బిల్లు తియ్యాలి, జీఎస్టీ నెలనెలా కట్టేవాళ్లు 11న అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే రిటర్ను 3బీ వెయ్యాలి. ఈ తేదీలు తెలిసిన మనిషిని షావుకారు వదులుకోడు. నా ఎరుకలో జిరాక్స్ షాపులో కూర్చున్న పిల్లకు ఎనిమిది, పది వేలు ఇస్తుంటే, ట్యాలీ మీద రిటర్నులదాకా తేల్చే అమ్మాయికి ఇరవై వేలు దాటి ఇస్తున్నారు. ఇద్దరినీ పిలిచేది ఆపరేటరనే.

తెలుగు టైపింగు కూడా వదలకు. మన ఊళ్లో ప్రెస్సుల్లో, కరపత్రాలు కొట్టేచోట ఇంకా పాత పద్ధతి తెలుగు అక్షరాలైన అను ఫాంట్లే నడుస్తున్నాయి. ప్రభుత్వ సైట్లలో మాత్రం ఫోన్లలో, ఇంటర్నెట్‌లో నడిచే యూనికోడ్ తెలుగు తప్ప పనికిరాదు. అనులో కొట్టింది అక్కడ అతికిస్తే కోడిగీతలు వస్తాయి. రెండూ వచ్చినవాళ్లు బాగా తక్కువ. ఫోన్లో నోటితో చెబితే తెలుగు దానంతటదే పడుతోంది కదా మామయ్యా అంటావు. పడుతుంది. ఇంటిపేర్లు, సర్వే నంబర్లు, హద్దులు చదివి చూడు, అప్పుడు తెలుస్తుంది. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు నేను ఒక దస్తావేజు లేఖరి దగ్గర టైపు కొట్టేవాణ్ణి. ఇక మన పని అయిపోయిందని ఆయన రెండు రోజులు కొట్టు తెరవలేదు. మూడో రోజు వచ్చి నన్ను కంప్యూటరు నేర్చుకోమని పంపాడు. దస్తావేజు ఎలా రాయాలో ఆయనకు తెలుసు, ఎలా కొట్టాలో నాకు తెలుసు. ఆ కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. కొట్టడం మాత్రమే తెలిసిన నలుగురైదుగురు ఈ లైను వదిలేశారు.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. ఆఫీసులో చేరితే ఎప్పుడో ఒకప్పుడు పై అధికారి తన డిజిటల్ సంతకం కీ (పెన్‌డ్రైవు లాంటిది) నీ చేతిలో పెట్టి, పిన్ను చెప్పి, "అప్రూవ్ చేసెయ్ అమ్మా, నేను ఫీల్డులో ఉన్నా" అంటాడు. నమ్మకం కొద్దీ ఇచ్చాడని మురిసిపోతావు. నేనూ మురిశాను. ఏడాది తర్వాత ఒక ఫైలు మీద విచారణ వచ్చినప్పుడు ఆ నమ్మకం నా మీదకే తిరిగింది. ఆ రోజు ఆ కీ ఎవరి దగ్గరుందో చెప్పడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. సంతకం ఆయనది, వేలు నాది. అప్పట్నుంచీ ఒకటే పద్ధతి: ఎంట్రీ అంతా సిద్ధం చేసి, "సార్, మీరు వచ్చాక ఒక్క క్లిక్కు" అని ఆపేస్తాను. మొదట విసుక్కుంటారు, నెలకు అలవాటవుతుంది. నీ లాగిన్ పాస్‌వర్డు కూడా పక్క సీటు వాళ్లకు చెప్పకు, టీకి లేచేటప్పుడు విండోస్ బటన్, ఎల్ నొక్కి లే.

మీ అత్త ఒకటి రాయమంటోంది. మధ్యాహ్నం అన్నం మానేసి స్క్రీను ముందు కూర్చోవద్దని. నా మెడ నొప్పి దానికే తెలుసు.

ఆదివారం వీలుంటే రా. పాత కీబోర్డు దుమ్ము దులిపి పెట్టాను, అనులో గుణింతాలు, వత్తులు ఎక్కడుంటాయో చూపిస్తా. వచ్చేటప్పుడు ఆ కోర్సు కరపత్రం పట్టుకురా, అప్పటిదాకా ఫీజు కట్టకు. ఆ లక్షన్నర ఆయన మళ్లీ ఇంటికొస్తే మీ నాన్నను నాకు ఫోను కలపమను.

మీ మామయ్య