పిల్లాణ్ణి ఆటలో అరటిపండు చేయకండి

అమ్మా, మీ బాబుకి ఆరేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒళ్లు కదలికలు అదుపులో ఉండని సమస్య), వాకర్‌తో నడుస్తాడు, థెరపీ కాక ఇంకేం ఆడించొచ్చు, పడిపోతాడేమోనని భయంగా ఉంది అని అడిగారు. నేను డాక్టర్ని కాను. హిందూపురం దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరై, బెంగళూరులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలికి ఎనిమిదేళ్లు. మీ బాబుకున్న సమస్యే. పాదాలు సరిగ్గా నిలబడేలా కాళ్లకు కట్టే గట్టి తొడుగులు, అవే స్ప్లింట్లు, చేతిలో వాకర్.

ఆటల జాబితా మాత్రం అడక్కండి. ఏ ఆటైనా ఒకటే, ఎవరితో ఆడుతున్నాడన్నదే లెక్క. ఇంట్లో అమ్మతో వంద బంతులు విసిరినా అది పేరు మార్చిన థెరపీయే. పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.

మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో సాయంత్రాలు పిల్లలు దొంగాట ఆడతారు. తెలుగు, కన్నడ, హిందీ అన్నీ కలిపి ఒకటే అరుపులు. మా పాపనూ చేర్చుకునేవాళ్లు, కాదనను. కానీ ఆటలో అరటిపండు. ఎవరూ ముట్టుకోరు, ముట్టుకున్నా ఔట్ కాదు. చూసే పెద్దవాళ్లకు అదెంతో ముచ్చట. పాప మాత్రం కాసేపు అటూ ఇటూ తిరిగి స్తంభానికి ఆనుకుని నిలబడిపోయేది.

ఒకరోజు బళ్లారి నుంచి కొత్తగా దిగిన కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి దాని వీపు మీద చరిచి "ఔట్!" అన్నాడు. వాడికి ఈ రూలు ఎవరూ చెప్పలేదు మరి. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒకావిడ "అయ్యో, ఆ పిల్లనా!" అంటూ లేచింది. మా పాప వాకర్‌ని ఠపీమని నేలకేసి కొట్టి, "నా చక్రం గీత లోపలే ఉంది, నేను ఔట్ కాదు!" అని గొడవకు దిగింది. గీతంటే కారు పెట్టుకునే చోటుకి వేసిన పసుపు గీత. వాడు వంగి చూశాడు. ముందు చక్రాలు లోపల, వెనక రబ్బరు బుడిపెలు బయట. ఇద్దరూ చెరో భాషలో వాదించుకుని, ఔటే అని తేల్చుకున్నారు.

సరే, ఇప్పుడు పాప దొంగ. ఎవర్ని పట్టుకుంటుంది? దానికీ పిల్లలే దారి చూశారు. చేతికి మెత్తటి బంతి ఇచ్చారు, తగిలితే ఔట్. ఒక చెయ్యి వాకర్ మీద, రెండో చేత్తో విసరడం. థెరపీలో ఎంత బతిమాలినా ఒక చెయ్యి వదిలేది కాదు ఈ పిల్ల! పడింది, లేచింది, మళ్లీ పడింది. మా అమ్మాయి బాల్కనీలోంచి ఒకటే కేకలు. "నువ్వు లోపలికి పోమ్మా" అన్నాను.

మీకూ అదే చెబుతాను. మోకాళ్లకు ప్యాడ్లు కట్టండి, నేల తడిగా లేకుండా చూడండి, తర్వాత కాస్త దూరంగా కూర్చోండి. మామూలు పిల్లలు పడట్లేదా?

స్కూల్లో ఏం చేస్తున్నారో కనుక్కోండి. మా పాప మొదట చదివిన స్కూల్లో పీటీ పీరియడ్ వస్తే దీన్ని బ్యాగుల దగ్గర కాపలా కూర్చోబెట్టేవారు. నా వృత్తివాళ్లే కదా అని మరీ మండింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో చదువుతో పాటు ఆటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలని రాసే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో వైకల్యమున్న పిల్లలకు సైతం రోజుకు సగటున 60 నిమిషాల కదలిక ఉండాలంది. ఇవి చూపిస్తే ప్రిన్సిపాల్ గారు "ఇన్సూరెన్స్ ప్రాబ్లెమ్ అండీ" అన్నారు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని తీసుకోండి. మేధో వైకల్యం ఉన్న పిల్ల. బడిలో పీఈటీ సారు ఆమె పరుగు గమనించబట్టే కదా, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది! ఆయన కూడా బ్యాగుల కాపలాకి పెట్టి ఉంటే?

పార్కుల సంగతి సరేసరి. ఫ్రేజర్ టౌన్ కోల్స్ పార్కులో ఇలాంటి పిల్లలు కూడా ఆడుకునేలా ఏర్పాట్లున్నాయి. కిలికిలి అని పిల్లల తల్లిదండ్రులే పెట్టుకున్న సంస్థ పూనుకుని కార్పొరేషన్‌తో చేయించింది. వీలైతే ఒక ఆదివారం తీసుకెళ్లండి. మేముండే సర్జాపూర్ రోడ్డు నుంచి ఆ ట్రాఫిక్‌లో వెళ్లి రావడమంటే ఊరెళ్లినంత పని. మా దగ్గరి పార్కులో బైకులు రాకుండా గేటు దగ్గర అడ్డదిడ్డంగా ఇనుప గొట్టాలు పాతారు. బైకులు ఎలాగో దూరుతున్నాయి, వాకరే దూరదు. ఎత్తి దాటిస్తే లోపలంతా ఇసుక, చక్రాలు దిగబడతాయి. అందుకే నాకు పార్కింగే నయం. అక్కడా అసోసియేషన్ వాళ్లు "ఆటలు నిషేధం" అని బోర్డు పెట్టారు. కార్లకు గీతలు పడతాయట.

తుంటి ఆపరేషన్ అయి ఉన్నా, ఫిట్స్ ఉన్నా మీ డాక్టర్ని అడిగాకే దింపండి. ఆడి వచ్చాక స్ప్లింట్లు, సాక్సులు విప్పి పాదాలు చూడండి. మడమ దగ్గర, చీలమండ ఎముక మీద ఎర్రగా కందిపోయి అరగంటైనా తగ్గకపోతే స్ప్లింట్ చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఈ వయసులో పాదాలు తొందరగా పెరుగుతాయి కాబట్టి అది బిగుతైపోయి ఉండొచ్చు.